గాలి గొట్టం పగిలితే ఏం చేయాలి?

సత్యవేడు ప్రాంత పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాలబండ్ల డ్రైవర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



మన సమావేశాలలో సాధారణంగా పశుగ్రాసం గురించి, దాణా గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి మాట్లాడుకుంటాము. ఈరోజు మూరెడు పొడవైనా ఉండని ఒక రబ్బరు గొట్టం గురించి మాట్లాడదలచాము. పాలబండి ఇంజనుకు గాలి అందించే గొట్టం అది. మెకానిక్కులు దీనిని ఎయిర్ హోస్ అంటారు. బల్క్ కూలింగు కేంద్రంలోని జనరేటరుకూ ఇలాంటిదే ఒకటి ఉంటుంది.

సంఘాల నుండి మాకు తరచు వచ్చే ప్రశ్న ఇది. "గొట్టం పగిలింది. కంపెనీ గొట్టం దొరకడం లేదు, లేక ధర ఎక్కువగా ఉంది. బజారులో దొరికే వేరే గొట్టం వేయించుకోవచ్చునా?"

మా జవాబు ముందే చెబుతాము. వేయించుకోవచ్చు. కొలత, రకం, బిగింపు, ఈ మూడూ సరిగా ఉంటే బజారు గొట్టం చక్కగా పనిచేస్తుంది. ప్రమాదం ఉన్నది గొట్టం మార్చడంలో కాదు, మార్చే వరకు పగిలిన గొట్టంతోనే బండి నడపడంలో. సైకిల్ ట్యూబు చుట్టి, కట్టుకంబి బిగించి "వచ్చే నెల చూద్దాం" అనుకోవడంలో సంఘం ఎంత నష్టపోతుందో తెలియజేయడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ఆ గొట్టం చేసే పని చూద్దాం. ఇంజను డీజిలు ఒక్కటే తాగి నడవదు. డీజిలు మండడానికి గాలి కావాలి. రెండున్నర లీటర్ల ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. ఆ లెక్కన నిమిషానికి సుమారు 2,500 లీటర్ల గాలి, గంటకు లక్షా యాభై వేల లీటర్ల గాలి లోపలికి పోతుంది. మన 40 లీటర్ల పాల క్యానులతో కొలిస్తే గంటకు 3,750 క్యానుల గాలి! టర్బో ఉన్న ఇంజను ఇంకా ఎక్కువ పీలుస్తుంది.

ఈ గాలినంతా వడగట్టేది ఎయిర్ ఫిల్టరు. పాలు పోసేటప్పుడు క్యాను మూతికి వడబట్ట కడతాము గదా, ఇదీ అటువంటిదే. ఫిల్టరు దాటిన తరువాత ఇంజను వరకు గాలిని మోసుకుపోయేదే మనం చెప్పుకుంటున్న గొట్టం. ఆ గొట్టానికి చీలిక పడితే గాలి ఫిల్టరును తప్పించుకొని అడ్డదారిన లోపలికి దూరుతుంది. వడబట్ట పైన ఉండగానే క్యానుకు అడుగున బొక్క పెట్టి పాలు ఎక్కించినట్లు. అప్పుడు ఎంత ఖరీదైన కొత్త ఫిల్టరు వేసినా ఏమి లాభం?

ఇక మన ప్రాంతపు దుమ్ము సంగతి. చిత్తూరు జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరిన ఈ సత్యవేడు పేరు భూగర్భ శాస్త్ర గ్రంథాలలో ఉన్నది. ఇక్కడి గులకరాళ్ళ పొరలకు, ఇసుకరాయి పొరలకు శాస్త్రజ్ఞులు మన ఊరి పేరే పెట్టారు. 'సత్యవేడు శిలాసమూహం' అంటే పది కోట్ల ఏళ్ళకు పైబడిన పొరలు. వాటిలోని గులకరాళ్ళలో, ఇసుకలో ఉండేది ఎక్కువగా పలుగురాయి జాతి పదార్థమే. పలుగురాయి ముక్కతో గాజును గీసి చూడండి, గీత పడుతుంది. ఇంజను లోపలి ఇనుము దానికంటె మెత్తన. బండ్ల చక్రాల కింద నలిగి, పిండి అయి, గాలిలో లేచే మన దారి దుమ్ములో ఈ పలుగురాయి పొడే ఉంటుంది.

ప్రపంచమంతటా ఎయిర్ ఫిల్టర్లను పరీక్షించడానికి అమెరికాలోని అరిజోనా ఎడారి మట్టితో తయారుచేసిన దుమ్ము వాడతారు. అందులోనూ ఎక్కువ భాగం ఈ ఇసుక జాతి పదార్థమే, అనగా సిలికా. ఇంజను అరుగుదలకు ముఖ్య కారణం ఆ పొడి అని తెలిసే దానితో పరీక్ష పెడతారు.

కంటికి కనబడే ఇసుక రేణువుకంటె కనబడని పొడి వల్లనే ఎక్కువ నష్టం. పిస్టను రింగులకు, లైనరుకు మధ్య ఆయిలు పొర ఉంటుంది. అది తల వెంట్రుక మందంలో చాలా తక్కువ వంతు. సుమారు అంతే మందం ఉన్న రేణువు అందులో దూరితే రింగును, లైనరును రెంటినీ రాస్తుంది. తరువాత ఆయిలులో కలిసి బేరింగుల దాకా పోతుంది. చివరకు ఆయిలే సానపట్టే మందువలె తయారవుతుంది.

టర్బో ఉన్న బండ్లలో మరొక నష్టం. టర్బోలో గాలిని తోసే చిన్న చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో దుమ్ము తగిలితే దాని రెక్కల అంచులు అరిగిపోతాయి.

మా దృష్టికి వచ్చిన ఒక బండి సంగతి చెబుతాము. సంఘం పేరు అనవసరం. ఎండాకాలంలో గొట్టం ముడతలో చిన్న చీలిక పడింది. డ్రైవరు చూశాడు, కార్యదర్శికి చెప్పాడు. సైకిల్ ట్యూబు చుట్టారు. బండి ఆగలేదు, పాలు ఆగలేదు. చుట్టిన ట్యూబు ఇంజను వేడికి సాగి వదులైంది, కింద చీలిక పెరిగింది. తరువాత బండి ఆయిలు తాగడం మొదలుపెట్టింది. ఆయిలు పోసుకుంటూ నడిపారు. నీలం పొగ వచ్చింది. ఆయిలు పోసే మూత తీస్తే లోపలి నుండి బుసబుసమని గాలి తన్నింది. దీనినే మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. చివరకు ఇంజను విప్పవలసి వచ్చింది. పిస్టన్లు, రింగులు, లైనర్లు అన్నీ మార్చారు. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు బాడుగ బండి పెట్టారు. అది వేళకు రాని పూట పాలు కేంద్రంలో పుల్లబారాయని తిరిగి వచ్చాయి.

ఆ పాలు ఎవరివి? తెల్లవారక ముందే లేచి, పేడ ఎత్తి, పొదుగు కడిగి, ఒకటి రెండు లీటర్లు పిండి కేంద్రానికి మోసుకొచ్చిన అక్కలవి. పిండిన పాలు ఆవు ఒంటి వేడిలోనే, 38 డిగ్రీల దాపున ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటకు అటూ ఇటూగా రెట్టింపు అవుతూ పోతాయి. మూడు గంటల్లో ఒకటి అరవై నాలుగు కావచ్చు. అందుకే వీలైనంత త్వరగా 4 డిగ్రీలకు చల్లార్చాలంటాము. బండి దారిలో ఆగిందంటే ఈ లెక్క మనకు ఎదురు తిరుగుతుంది. ఇంజను పని ఖర్చు కూడా చివరకు సంఘం లాభంలో నుండి, అనగా సభ్యుల బోనసులో నుండి పోవలసినదే.

ఇప్పుడు గొట్టం ఎక్కడ పగిలిందో గుర్తించడం. గాలి దారిలో మూడు భాగాలు ఉంటాయి.

మొదటిది ఫిల్టరుకు ముందు భాగం. ఇక్కడ పగిలితే దుమ్మును ఫిల్టరు ఆపుతుంది. కాని వేడి గాలి, నీరు దూరే అవకాశం ఉంది, ఫిల్టరు త్వరగా నిండుతుంది. 2021 నవంబరు వర్షాలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటి రోజుల్లో వాగు దాటేటప్పుడు పగిలిన గొట్టం గుండా నీరు పీల్చితే పిస్టను నీటిని అణచలేక కనెక్టింగు రాడ్డు వంగుతుంది. కనుక ఇదీ చిన్న విషయం కాదు.

రెండవది ఫిల్టరుకు, ఇంజనుకు మధ్య భాగం. టర్బో ఉంటే ఫిల్టరుకు, టర్బోకు మధ్య. ఇది పీల్చే వైపు. ఇక్కడి చీలిక శబ్దం చేయకపోవచ్చు, బండి లాగడంలో తేడా తెలియకపోవచ్చు. దుమ్ము మాత్రం నేరుగా పోతుంది. అన్నిటికంటె హానికరమైన చీలిక ఇదే.

మూడవది టర్బో తరువాతి భాగం. ఇది నెట్టే వైపు. ఇక్కడ పగిలితే గాలి బయటికి పోతుంది. బుస్సుమని శబ్దం, నల్లపొగ, ఎత్తు ఎక్కేటప్పుడు బలం లేకపోవడం, గొట్టం మీద ఆయిలు తడి కనిపిస్తాయి. ఇక్కడి గాలి వేడి వంద డిగ్రీలు దాటవచ్చు, ఒత్తిడి కూడా ఎక్కువ. కనుక రెండవ భాగానికి పనికివచ్చే మామూలు గొట్టం మూడవ భాగానికి పనికిరాదు. ఇది ముఖ్యంగా గుర్తుంచుకోండి.

పరీక్ష చాలా సులువు. బండి ఆపి, ఇంజను చల్లారిన తరువాత గొట్టాన్ని చేత్తో పిసికి, వంచి చూడాలి. చీలికలు ముడతల మధ్య, క్లిప్పు అంచుల దగ్గర, అడుగు వైపున దాక్కుంటాయి. వంచితేనే నోరు తెరుస్తాయి. తరువాత ఫిల్టరు వైపు క్లిప్పు వదులు చేసి, శుభ్రమైన తెల్లగుడ్డతో గొట్టం లోపల తుడవాలి. కాస్త ఆయిలు జిడ్డు ఉంటే భయం లేదు. ఎర్రని దుమ్ము చార కనిపించిందంటే ఎక్కడో దొంగగాలి వస్తున్నదని అర్థం.

టర్బో లేని పాత డీజిలు ఇంజన్లకు మరొక పరీక్ష ఉంది. ఇంజను మెల్లగా తిరుగుతుండగా ఫిల్టరు నోటిని చెక్క పలకతో మూస్తే కొద్ది సేపట్లో ఇంజను ఆగిపోవాలి. ఆగకుంటే గాలి మరో దారిన వస్తున్నట్లు. దీనిని చేత్తో చేయరాదు. టర్బో బండ్లకు అసలే చేయరాదు. అలాగే కొందరు పెట్రోలు చల్లి చీలిక కనిపెడతారు. డీజిలు ఇంజను ఆ ఆవిరి పీల్చిందంటే అదుపు తప్పి పరుగెత్తుతుంది. నిప్పు ప్రమాదం సరేసరి. దయచేసి ఆ పని చేయవద్దు.

గొట్టం ఎందుకు పగిలిందో కూడా చూడాలి. వేడికి, గాలికి రబ్బరు ముదిరి పగలడం సహజం. కాని కొత్త గొట్టం కొద్ది నెలలకే పగిలితే ఇంజను మౌంటింగు రబ్బర్లు చూడండి. అవి చితికిపోతే ఇంజను అటూ ఇటూ ఊగుతుంది. ఫిల్టరు డబ్బా కదలదు. మధ్యలో ఉన్న గొట్టం తెగుతుంది. ఆ కారణం తీయకుండా ఎన్ని గొట్టాలు మార్చినా ఒకటే.

ఇక గొట్టం కొనడం. బండి వారంటీలో ఉంటే కంపెనీ షోరూముకే పోవాలి, వేరే ఆలోచన వద్దు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్. 6 బండ్లలో ఫిల్టరు దగ్గర గాలిని కొలిచే సెన్సారు ఉంటుంది. కొలత తప్పితే ఇంజను దీపం వెలుగుతుంది. కనుక వాటికి సెన్సారు కూర్చునే చోటు, చిన్న గొట్టాల కలుపులు అచ్చంగా అలాగే ఉన్నది తీసుకోవాలి.

మన ప్రాంతంలోని శ్రీసిటీలో ఇసుజు కంపెనీ 2016లో పికప్ బండ్ల కర్మాగారం తెరిచింది. కాని మన రూట్లలో ఏళ్ళ తరబడి తిరుగుతున్న పాత బండ్లు రకరకాల కంపెనీలవి. వాటి గొట్టాల కోసం ఊత్తుకోట దారిన చెన్నై పోయే వారే ఎక్కువ. కొత్త విడిభాగాలకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాత బండ్ల విడిభాగాలకు పుదుపేట పేరుపొందినవి. పాత రబ్బరు మాత్రం కొనవద్దని మా సలహా. పైకి నల్లగా మెరిసినా అది ఎన్ని ఎండలు చూసిందో మనకు తెలియదు.

కొనబోయే ముందు పగిలిన గొట్టాన్ని వెంట తీసుకుపోండి. దాని మీద అచ్చు వేసిన నంబరు రాసుకోండి. కొలవవలసినవి నాలుగు. రెండు మూతుల లోపలి వెడల్పు విడివిడిగా మిల్లీమీటర్లలో, వంపు వెంబడి పొడవు, వంపు తిరిగే కోణం, పక్కనుండి కలిసే చిన్న గొట్టాల సంఖ్య. రెండు మూతులూ ఒకే కొలతలో ఉంటాయని అనుకోవద్దు. వెడల్పు తగ్గితే ఇంజనుకు ఊపిరి చాలదు. ఎక్కువైతే క్లిప్పు ఎంత బిగించినా ముడత పడి సందు మిగులుతుంది.

రకం విషయానికి వస్తే, గోడలో గుడ్డ పొరగాని, తీగ చుట్టగాని ఉన్నది కావాలి. లేకపోతే ఇంజను గట్టిగా పీల్చినప్పుడు గొట్టం చప్పబడి మూసుకుపోతుంది. రబ్బర్లలో ఇ.పి.డి.ఎం. అనేది వేడికి, ఎండకు బాగా ఆగుతుంది కాని ఆయిలుకు ఉబ్బుతుంది. నైట్రైల్ రబ్బరు ఆయిలుకు ఆగుతుంది కాని బయటి గాలికి త్వరగా బీటలు వారుతుంది. సిలికాన్ గొట్టం ఎక్కువ వేడికి ఆగుతుంది. అయితే ఆయిలు ఆవిరి ఎక్కువగా తగిలేచోట లోపల ఆయిలుకు తట్టుకునే పొర ఉన్నదే తీసుకోవాలి. ఇంజను బ్రీదరు గొట్టం వచ్చి కలిసే చోట ఆయిలు ఆవిరి తప్పదు. కనుక దుకాణదారుని "ఇది ఆయిలుకు ఆగుతుందా, ఎంత వేడికి ఆగుతుంది, పీల్చే వైపుదా, నెట్టే వైపుదా" అని అడగండి. జవాబు చెప్పలేని దుకాణంలో కొనకండి.

పనికిరానివి కూడా చెప్పాలి. మోటారు బావుల దగ్గర వాడే పచ్చ సక్షన్ పైపు చూడడానికి సరిపోయినట్లే ఉంటుంది. ఇంజను వేడికి మెత్తబడి జారిపోతుంది. నీటి పి.వి.సి. పైపు సంగతీ అంతే. లేతు షాపులో ఇనుప గొట్టం చేయించుకోవచ్చు, కాని మూడు నియమాలు. లోపల వెల్డింగు పొక్కులు, ఇనుప రజను లేకుండా కడిగి తుడవాలి. మూతుల దగ్గర చిన్న గట్టు ఉండాలి, అప్పుడే రబ్బరు జారదు. రెండు చివరలా రబ్బరు జాయింటు ఉండాలి, లేకుంటే అదురుకు విరుగుతుంది.

బిగించేటప్పుడు ముందు ఫిల్టరు డబ్బా లోపల, ఇంజను వైపు మూతి తుడవాలి. పాత రబ్బరు ముక్కలు లోపల పడకుండా ఇంజను వైపు మూతిలో గుడ్డ పెట్టుకోండి, బిగించే ముందు ఆ గుడ్డ తీసినట్లు ఇద్దరు చూడండి. ప్రతి మూతికీ సరైన కొలత హోస్ క్లిప్పు వేయాలి. కట్టుకంబి రబ్బరును కోస్తుంది. నెట్టే వైపు గొట్టాలకు బోల్టుతో బిగించే గట్టి క్లిప్పులు కావాలి. గొట్టాన్ని లాగి తొడగరాదు, ఇంజను ఊగడానికి కాస్త సడలు ఉండాలి. సైలెన్సరు గొట్టానికి, ఫ్యాను బెల్టుకు తగలరాదు. బ్రీదరు గొట్టం మళ్ళీ తగిలించారో లేదో చూడండి. ఒక వారం నడిచిన తరువాత క్లిప్పులు మరోసారి బిగించి, తెల్లగుడ్డ పరీక్ష చేయండి. గుడ్డ శుభ్రంగా వస్తే పని సరిగా జరిగినట్లు. చీలికతో కొంతకాలం నడిచిన బండి అయితే ఇంజను ఆయిలు, ఆయిల్ ఫిల్టరు కూడా మార్చడం మంచిది.

చివరగా సంఘాల పాలకవర్గాలకు మూడు మనవులు.

ఒకటి, ప్రతి బండికీ, జనరేటరుకూ ఒక గాలి గొట్టం, రెండు క్లిప్పులు ముందుగానే కొని నీడలో దాచండి. ఎండ తగలని చోట రబ్బరు ఎక్కువ కాలం ఉంటుంది. రెండు, ఇలాంటి చిన్న మరమ్మతుకు సమావేశం జరిగే దాకా ఆగకుండా, కార్యదర్శి వెంటనే ఖర్చు చేసి రసీదు పెట్టేటట్లు ఒక పరిమితి వేసి తీర్మానం చేసుకోండి. గొట్టం ఖర్చు ఎక్కడ, ఇంజను పని ఖర్చు ఎక్కడ! మూడు, గొట్టం పగిలిన పూట పొరుగు సంఘం బండి మన పాలు ఎత్తుకునేటట్లు, వారికి అవసరమైనప్పుడు మన బండి పోయేటట్లు ముందే మాట్లాడుకోండి. సహకారం అన్న మాటకు ఇంతకన్న మంచి ఉపయోగం ఏముంది?

డ్రైవర్లకు ఒక మాట. గొట్టం పగిలిందని మీరు వచ్చి చెబితే దానిని తప్పుగా ఎవరూ భావించరాదు. చెప్పిన తేదీ బండి పుస్తకంలో రాయించండి. అధ్యక్షులు ఆ పుస్తకం నెలకొకసారి చూడాలి.

రేపు ఉదయం పాలు దించి, బండి నీడన పెట్టి, ఇంజను చల్లారిన తరువాత బానెట్టు ఎత్తండి. గొట్టాన్ని ఒకసారి చేత్తో పిసికి చూడండి. అయిదు నిమిషాల పని. మీరు చూసినది కార్యదర్శికి చెప్పండి, సందేహముంటే మాకు రాయండి.